చెరువు పేజీలో నేను కొట్టేసిన మాట

పాస్‌వర్డ్‌లు, కమాండ్లు అన్నీ వేరే ఫైల్లో రాసిపెట్టాను. ఏ పేజీ ఎక్కడుంది, బిల్డ్ ఎట్లా నడపాలి, మధ్యలో ఆగిపోతే ఏం చూడాలి, అంతా అందులోనే ఉంది. బుద్ధిగా చదివితే వారంలో పని వచ్చేస్తుంది. ఇప్పుడు రాస్తున్నది మాత్రం పని వచ్చిన తర్వాత చదవాల్సింది. నా కుర్చీలోకి వచ్చేవాళ్ళు తెలివైనవాళ్ళే అయి ఉంటారు. తెలివి ఉన్నవాళ్ళు ఈ ఉద్యోగంలో ఎక్కడ బోర్లా పడతారో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

నేను అనంతపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేశాను. చేరింది తెలుగు టైపిస్టుగా. దిగిపోయేటప్పుడు నా హోదా ఏమిటో నాకే సరిగా గుర్తులేదు. ఊళ్ళలో మాత్రం కంప్యూటరక్క అనేవాళ్ళు. కంప్యూటరు తెలిసిన మనిషికి కరెంటు వస్తువులన్నీ తెలుసుననుకుని టీవీ రిమోట్లు, టార్చిలైట్లు తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు. కొన్ని బాగు కూడా చేశాను.

మా సంస్థ పనిచేసే ప్రతి ఊరికీ ఒక వెబ్ పేజీ ఉండేది. చెరువు నీళ్ళు ఎట్లా పంచుకుంటారు, ఎర్రనేలలో ఏ విత్తనం నిలబడింది, ఏ ఆకు మేస్తే గొర్రెలకు పొట్ట ఉబ్బుతుంది, ఇట్లాంటి సంగతులు అందులో ఉండేవి. చెప్పేది ఊరివాళ్ళు. రాసేది మా ఫీల్డు మనుషులు. దాన్ని చక్కదిద్ది సైటుగా కట్టేది నేను.

సంగటి కుండ

మేం వాడిన సాఫ్ట్‌వేరు చాలా సాదాసీదాది. ఒక్కో పేజీకి ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. ఎవరు ఏ వాక్యం కలిపినా, ఏది కొట్టేసినా, వాళ్ళ పేరుతో, వాళ్ళు రాసిన కారణంతో సహా ఆ ఫైలు చరిత్రలో నిలిచిపోతుంది. ఒక్కో మార్పును ఒక కమిట్ అంటాం. తర్వాత బిల్డ్ నడిపితే ఆ ఫైళ్ళన్నీ ఒకదానికొకటి లింకులు కలిసి వెబ్ పేజీలవుతాయి. వెనకాల డేటాబేసు లేదు. ముందే వండిపెట్టిన పేజీ, అడిగినవాళ్ళకు ఉన్నదున్నట్టు వస్తుంది, అంతే.

కొత్తగా వచ్చినవాళ్ళందరూ మొదట ఒకే తప్పు చేస్తారు. తయారైన వెబ్ పేజీని తెరిచి అందులోనే అక్షరం దిద్దుతారు. మళ్ళీ బిల్డ్ నడపగానే ఆ దిద్దుబాటు మాయమవుతుంది. సంగటి ముద్ద చేసినాక పైన ఉప్పు చల్లితే లాభం లేదు, కుండలో ఉన్నప్పుడే వేయాలి అని చెప్పేదాన్ని. నవ్వేవాళ్ళు, నెల తిరక్కుండానే మళ్ళీ అదే చేసేవాళ్ళు.

మా జిల్లాకు ఈ పద్ధతి బాగా కుదిరింది. చాలా ఊళ్ళలో సిగ్నలు మిద్దె ఎక్కితేగానీ దొరకదు. సైటు మొత్తం ఒక పెన్‌డ్రైవులో పట్టేది. ఓబులేసు అని మా ఫీల్డు మనిషి నెలకోసారి దాన్ని చొక్కా జేబులో వేసుకుని బండి మీద ఊరూరూ తిరిగేవాడు. పంచాయతీ ఆఫీసు కంప్యూటర్లలో కొత్త పేజీలు వేసి, ఊరివాళ్ళు చెప్పిన మార్పులు రాసుకుని వచ్చేవాడు.

ఓబులేసు మంచి పనివాడు. కారణం రాయడం దగ్గర మాత్రం మొండికేసేవాడు. ప్రతి కమిట్‌కూ ఎందుకు మార్చామో ఒక ముక్క రాయాలి. అతను దేనికైనా ‘సారు చెప్పినాడు’ అనే రాసేవాడు. ఏ సారు అని అడిగితే, “ఏదో ఒక సారు చెప్పకుండా మనం ఏం చేస్తామక్కా?” అన్నాడు.

పెద్దసారు

మా డైరెక్టరును అందరం పెద్దసారు అనేవాళ్ళం. వ్యవసాయ శాఖలో చాలాకాలం చేసి వచ్చిన మనిషి. ఆయన మీద నాకు కోపమూ ఉంది, గౌరవమూ ఉంది. రెండూ ఇప్పటికీ తగ్గలేదు.

ఆయనకు మా సైటు నచ్చేది కాదు. “ఏమ్మా, మన సైటు కర్మకాండ కార్డు మాదిరి ఉండాదే” అనేవాడు. ఆ మాటలో అబద్ధం లేదు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, నీలం లింకులు. ఒక యేడు బెంగుళూరు కంపెనీ చేత రంగుల సైటు చేయించాడు. తెరవగానే వేరుశనగ చేలు ఊగుతూ కనపడేవి. ఆఫీసులో బ్రహ్మాండంగా ఊగాయి. ఊళ్ళలో చక్రం తిరుగుతూనే ఉండేది, చేను వచ్చేది కాదు. కొన్నాళ్ళకు ఏదో అప్‌డేట్ పడక ఆఫీసులోనూ నిలిచిపోయింది. పెన్‌డ్రైవు పేజీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. పెద్దసారు నా గదికి వచ్చి, “నీదే ఉండనీలే” అని వెళ్ళిపోయాడు. చేసిన పనిని వెనక్కి తీసుకునే అధికారులు అరుదు. అందుకని నేను అప్పుడు నోరు మూసుకున్నాను. మీరూ అదే చేయండి.

నాకు ఈ వృత్తిలో పనికొచ్చిన ఒకే ఒక్క నియమం ఆయన పెట్టిందే. ఎవరి దగ్గర విని రాశామో, పేజీ బయటికి పోయే ముందు వాళ్ళకే చదివి వినిపించాలి. “వాళ్ళు తల ఊపితేనే పెట్టు. వాళ్ళ నోట్లో మాట మనం నమిలి మింగకూడదు” అనేవాడు.

ప్రశ్న గుర్తు

మా సాఫ్ట్‌వేరుకు ఒక అలవాటు ఉంది. ఇంకా రాయని పేజీకి లింకు పెడితే ఆ పేరు పక్కన ప్రశ్న గుర్తు వేస్తుంది. యాడికి మండలంలో ఒక ఊరి సర్పంచి పంచాయతీ కంప్యూటర్లో తన ఊరి పేరు పక్కన అది చూశాడు. నేరుగా నాకు ఫోను.

“ఏందమ్మా ఇది? మా ఊరు ఉండాదా లేదా అని అనుమానమా మీకు?”

కాదన్నా, ఇంకా పేజీ రాయలేదని అర్థం అన్నాను. “అయితే ఇప్పుడే రాసుకో” అని, పక్కన ఎవరినో కూర్చోబెట్టి గంటసేపు ఊరి సంగతులన్నీ ఫోన్లోనే చెప్పించాడు. మా సైట్లో అంత నిండుగా ఉన్న పేజీ ఇంకొకటి లేదు.

ఖాళీ కంటికి కనపడితే ఎవరో ఒకరు నింపుతారని అప్పుడు తెలిసింది. కనపడని ఖాళీల సంగతి తెలుసుకోవడానికి ఇంకో ఊరు కావాల్సి వచ్చింది.

చెరువు పేజీ

ఆ ఊరు శింగనమల వైపు. పేరు అవసరం లేదు. ఊరికొక చిన్న చెరువు, కట్టకు ఒక తూము, తూము కింద ఒకే కాలువ, దానికి అటూ ఇటూ వరి మళ్ళు. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూసే మనిషిని నీరుగంటి అంటారు. ఆ ఊరి నీరుగంటి నల్లప్ప. వాళ్ళ నాయనదీ, తాతదీ అదే పని. డెబ్బై దాటినా భుజాన పార ఉండేది.

ఓబులేసు ఆయన దగ్గరికి పోయిన యేడు చెరువు నిండి పొర్లుతూ ఉంది. నీళ్ళ వంతులు ఎట్లా అని అడిగితే నల్లప్ప చెప్పాడు. ముందు తూము దగ్గరి మళ్ళకు రెండు రోజులు. తర్వాత నడిమి మళ్ళకు రెండు. తర్వాత కాలువ చివరి మళ్ళకు రెండు. ఏడో రోజు తూము మూత. అంతా చెప్పి ఆఖర్న ఇంకో మాట అన్నాడు. ఓబులేసు దాన్ని ఆయన అన్నట్టే టైపు చేశాడు: “ఇది ఈ నీళ్ళకు చెప్పిన మాట. ఇంకో సంగతి ఉండాది. అది వచ్చినప్పుడు నేను తూము కాడ నిలబడి చెప్తా.”

ఫైలు నా దగ్గరికి వచ్చింది. నేను పుట్టి పెరిగింది అనంతపురం టౌన్లో. నాకు నీళ్ళంటే కొళాయి. ఆ చివరి మాట చదివి, ఇందులో సమాచారం ఏముంది అనుకున్నాను. ఆ ఇంకో సంగతి ఏమిటో లేదు, ఎప్పుడు వస్తుందో లేదు. కొట్టేశాను. కారణం దగ్గర ‘అవసరం లేని వాక్యాలు తీసేశాను’ అని రాశాను. పేజీ శుభ్రంగా కనపడింది.

నల్లప్పకు చదివి వినిపించలేదు. నియమం తెలుసు. పేజీలు చాలా ఉన్నాయి, ఆ ఊరికి రెండు బస్సులు మారాలి, రాసిందంతా ఆయన చెప్పిందే కదా అనుకున్నాను. సాకులకేం, కావలసినన్ని దొరుకుతాయి.

పెద్దసారుకు ఆ పేజీ తెగ నచ్చింది. దాన్ని ఊళ్ళో పంచాయతీ గోడ మీద పెద్ద నీలం అక్షరాలతో రాయించాడు, కింద సంస్థ పేరుతో. గోడ పక్కన నిలబడి ఫోటో దిగాం. అందులో నేనూ నవ్వుతూ ఉన్నాను.

రాసిన మనిషి

ఆ తర్వాత రెండో యేడు నాట్లప్పుడు వాన ఆశ పెట్టి, తర్వాత మొహం చాటేసింది. నీళ్ళు కరువైన సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. దానికీ నా పేజీకీ సంబంధం ఉందని మాత్రం ఆదెమ్మ వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ ఊరి కాలువ చిట్టచివరి మడి ఆదెమ్మది. మొగుడు పోయినప్పటి నుంచి సేద్యం ఆమే చూసుకుంటోంది. మా ఆఫీసులోకి వచ్చి కూర్చోకుండానే అడిగింది.

“మా ఊరి గోడ మీద రాత రాసింది ఎవరు?”

“మా సంస్థే.”

“సంస్థకు చేతులు యాడుంటాయక్కా? రాసిన మనిషి ఎవరు?”

కూర్చోబెట్టి సంగతి అడిగాను. నీళ్ళు తగ్గాయని నల్లప్ప ఈసారి కాలువ చివరి మళ్ళ నుంచి వంతు మొదలుపెట్టబోయాడట. తూము దగ్గర మళ్ళున్న తిమ్మారెడ్డి అడ్డుపడ్డాడు. “గోడ మీద ఉండేది నువ్వు చెప్పిందే కదప్పా. గోడకు ఒక మాట, మాకు ఒక మాటా?” అన్నాడు. నల్లప్ప పార భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. అప్పటి నుంచి గోడ ప్రకారమే నీళ్ళు పారుతున్నాయి. వంతు చివరికి వచ్చేసరికి కాలువలో బురద తప్ప ఏమీ ఉండటం లేదు.

“పైరు పాలు పోసుకుంటాండాది. నాలుగు దినాల్లో నీళ్ళు పడకపోతే ఇంక గడ్డి కోసుకోవాల్సిందే” అంది.

ఆమె ముందే ఆ పేజీ చరిత్ర తెరిచాను. కొట్టేసిన మాటలు తెర మీద ఎర్రగా కనపడతాయి. ఆదెమ్మకు చదువు రాదు. ఆ ఎర్రది ఏందని అడిగింది. నల్లప్ప చెప్పిన మాట అని చదివి వినిపించాను.

“మరి గోడ మీద లేదే. ఎవరు కొట్టేసింది?”

“నేనే.”

“ఎందుకు?”

ఏం చెప్పను? పేజీ శుభ్రంగా ఉండాలని కొట్టేశానని చెప్పడానికి నోరు రాలేదు. ఆమె బస్సుకు టైమైందని లేచింది. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “నాలుగు దినాలక్కా” అని మళ్ళీ చెప్పి వెళ్ళింది.

ఒక పూట

పెద్దసారుకు చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“నల్లప్ప చెప్పలేదు, మనం రాయలేదు. అంతే కదమ్మా. ఊరి తగాదాలో మనం ఎందుకు?”

“ఆయన చెప్పినాడు సార్. నేను తీసేశాను. చరిత్రలో ఉంది.”

“ఆ చరిత్రను మార్చచ్చని నువ్వే ఒకసారి చెప్పినావు.”

నిజమే, మార్చొచ్చు. చరిత్ర చెరగదని సాఫ్ట్‌వేరు వాళ్ళు గొప్పగా చెబుతారు గానీ, తెలిసిన మనిషికి అది రెండు నిమిషాల పని. ఓబులేసు లాప్‌టాప్‌లో ఉన్న ఇంకో కాపీని కూడా మార్చాలి, అంతే. అప్‌డేట్ చేస్తానని అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేవాడు. ఆ తర్వాత నల్లప్ప ఆ మాట అన్నాడని చెప్పడానికి నల్లప్ప నోరు ఒక్కటే మిగిలేది. అప్పటికే ఊళ్ళో ఆయన నోటి కంటే గోడకు విలువ ఎక్కువైంది.

నేను వెంటనే వద్దన్నానని రాసుకోవచ్చు. అనలేదు. కుర్చీలో కూర్చుని ఒక పూటంతా ఆలోచించాను. ఉద్యోగం పోతుందని భయం కాదు, సిగ్గు. అన్నేళ్ళు ఇతరుల తప్పులు పట్టుకున్న మనిషిని. సాయంత్రానికి ఆ ఎర్ర గీతలున్న పేజీ ప్రింటు తీసుకున్నాను. అప్పటికి ఊరికి పోయే బస్సు వెళ్ళిపోయింది. ఆదెమ్మ చెప్పిన నాలుగు రోజుల్లో ఒకటి నా ఆలోచనకే పోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ పొడిచేది ఆ పూటే.

“నీ పేరు మీద పో. సంస్థ పేరు ఎత్తద్దు” అన్నాడు పెద్దసారు. సరేనన్నాను. ఎట్లాగూ చరిత్రలో ఉన్నది నా పేరే.

తూము దగ్గర

మర్నాడు మొదటి బస్సుకు పోయాను. ఓబులేసు ముందే వచ్చి తూము దగ్గరికి అందరినీ పిలిచాడు. నల్లప్ప మాత్రం రానన్నాడు. ఇంటికి వెళ్తే, పంచలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

“గోడ చెప్తాది కదమ్మా. నాతో ఏం పని?”

ప్రింటు తీసి ఆయన అన్న మాటలే చదివాను. పేనడం ఆపి విన్నాడు.

“ఈ మాట నేను అన్నానే. మరి యాడికి పోయింది?”

“నేను కొట్టేసినాను పెద్దాయనా.”

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లేచి మూలన ఉన్న పార తీసుకున్నాడు.

తూము దగ్గర అందరి ముందూ మళ్ళీ చదివాను. తప్పు నాదని చెప్పాను. తిమ్మారెడ్డి చేతులు కట్టుకుని విన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు.

“నాకేం కక్ష లేదమ్మా. మీరు రాసిన దాని ప్రకారమే చేసినాం. ఇప్పుడు రాసినోళ్ళే తప్పంటే మేము ఎవుర్ని నమ్మాల?”

“నల్లప్పను” అన్నాను.

ఆయన అటు తిరిగి, “చెప్పు నల్లప్పా” అన్నాడు.

నల్లప్ప తూము మెట్లు చూపించాడు. “నాలుగో మెట్టు బయటపడితే వంతు తిరగబడతాది. చివరి మళ్ళకు ముందు పారాల. తూము కాడ మళ్ళకు కట్ట ఊట ఉంటాది, నాలుగు దినాలు ఓర్చుకుంటాయి. ఆ కింద మళ్ళకు ఏ ఊటా లేదు. మా తాత కాలం నుంచి ఇదే.”

ఇది ఆ రోజే ఓబులేసుకు చెప్పి ఉంటే బాగుండేది కదా అని నోరు జారాను. ఆయన నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

“నిండు చెరువు ముందర నిలబడి ఎండే మాట ఎట్ల అంటారమ్మా? పెండ్లి పందిట్లో పాడె మాట ఎత్తుతారా?”

ఓబులేసు తల వంచుకున్నాడు. అతనికి ఆ పట్టింపు తెలుసు. అందుకే ఆ మాటను అన్నది అన్నట్టు రాశాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే నీళ్ళు కిందికి మళ్ళించారు. ఎండిన కాలువ దారి పొడుగునా నీళ్ళు తాగింది. చివరి మళ్ళు కొన్ని దక్కాయి. ఆదెమ్మ మడి అన్నిటికంటే చివర. నీళ్ళు అక్కడిదాకా చేరాయి గానీ, చేరేసరికి ఆ నాలుగు రోజులూ దాటి కంకులు తాలు పోయాయి.

చదివి వినిపించడం

ఒప్పుకున్నానని ఊళ్ళో నలుగురూ మెచ్చుకున్నారు. తర్వాత పెద్దసారు కూడా ఒక మీటింగులో నా నిజాయితీ గురించి మాట్లాడాడు. నాకు అది వినడం ఇష్టం లేక టీ తెస్తానని బయటికి వెళ్ళాను.

కొత్తవాళ్ళకు చెప్పేది ఇది. సాఫ్ట్‌వేరు అన్నీ దాచిపెడుతుంది, నిజమే. దాచినదాన్ని తనంతట తాను ఎవరికీ చూపించదు. నష్టం జరిగాకే మనం చరిత్ర తెరుస్తాం. రాయని పేజీకి అది ప్రశ్న గుర్తు వేస్తుంది గానీ, పేజీలో మనం మింగేసిన మాటకు ఏ గుర్తూ వేయదు. ఊరి మనిషి ఒక సంగతి చెప్పకుండా ఆగితే, ఎందుకు ఆగాడో అడగండి. ఆయన చెప్పకపోయినా, ఆగాడన్న సంగతైనా పేజీలో ఉంచండి. వినడానికి ఖాళీగా ఉన్న వాక్యాన్ని కొట్టేయడానికి చేతులు దురద పెడతాయి. నాకు పెట్టాయి.

గోడకు సున్నం కొట్టించారు. పేజీలో రెండు క్రమాలూ రాశాను, నాలుగో మెట్టు సంగతితో సహా. కింద ఇంకో వాక్యం చేర్చాను: ‘ఈ రెండో క్రమం రాయకపోవడం వల్ల ఒక యేడు కాలువ చివర ఆదెమ్మ ఎకరా మడి ఎండిపోయింది.’ మన తప్పు మన సైట్లోనే రాసుకుంటామా అన్నాడు పెద్దసారు. రాసుకుందాం సార్ అన్నాను. ఆయన అడ్డుపడలేదు. ఆ విషయంలో ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

ఈసారి పేజీ బయటికి వదలకముందే లాప్‌టాప్ తీసుకుని ఊరికి పోయాను. ముందు నల్లప్పకు వినిపించాను. తల ఊపాడు. తర్వాత కాలువ వెంట నడిచి చివరిదాకా వెళ్ళాను. ఆదెమ్మ తాలు పోయిన వరిని పశువులకని కోస్తోంది. గట్టు మీద కూర్చుని మొదటి నుంచీ చదివాను. కొడవలి చేత్తోనే నిలబడి విన్నది. ఆఖరి వాక్యం దగ్గర చెయ్యెత్తి ఆపింది.

“ఎకరా కాదు. ఎకరా ఇరవై సెంట్లు. సరిగ్గా రాయి.”

దిద్దాను. మళ్ళీ చదవమంది. చదివాను.

“ఊఁ” అని, వంగి కోత మొదలుపెట్టింది.